డాక్టరుగారి పేరు పక్కన మూడక్షరాలు

న్యూకాసిల్‌లో మన తెలుగువాళ్ళు కలిసినప్పుడు కుర్రవాళ్ళు నన్ను మొదట అడిగేది, "అంకుల్, మీరు ఏ డొమైన్‌లో చేసేవారు?" అని. పాత కాగితాలు అంటాను. డాక్యుమెంట్ మేనేజ్‌మెంటా అంటారు. కాదు, నిజంగానే పాత కాగితాలు అంటాను. అక్కడితో వాళ్ళు మర్యాదగా పకోడీల వైపు వెళ్ళిపోతారు. మొన్న మాత్రం ఒక అమ్మాయి వెళ్ళలేదు. ఆఫీసులో తన చేతి మీదుగా ఏదో పెద్ద తప్పు జరిగిందట, మేనేజర్‌కు ఎలా చెప్పాలో తెలియక వారంగా అన్నం సయించడం లేదట. మీరెప్పుడైనా అలాంటిది చేశారా అంకుల్ అని అడిగింది. చేశాను. అది పూర్తిగా చెప్పేసరికి ఆ పూట భోజనాలు చల్లారిపోయాయి. మిగతావాళ్ళు వేడిగా తింటూ చదువుకుంటారని ఇక్కడ రాస్తున్నాను.

నేను కడపలో జూనియర్ కాలేజీలో బాటనీ లెక్చరర్‌గా పనిచేసేవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది, ఆమెతోపాటు నేనూ వచ్చాను. నా బాటనీ ఇక్కడ ఎవరికీ అక్కరలేకపోయింది. చివరికి ఒక రికార్డు ఆఫీసులో చేరాను. ఊళ్ళ పాత పత్రాలు, సంఘాల పుస్తకాలు, చనిపోయినవాళ్ళ ఉత్తరాలు భద్రపరిచే చోటు అది. మొదటి ఆరేళ్ళు స్ట్రాంగ్‌రూమ్ నుంచి రీడింగ్‌రూమ్‌కు పెట్టెలు మోశాను. ఆ తరువాత పెట్టెలు విప్పి లోపల ఏముందో రాసే పని ఇచ్చారు. దాన్ని కేటలాగింగ్ అంటారు. వినడానికి చిన్న పనే. కానీ ఒకసారి కేటలాగులో ఎక్కిన మాటను ఎవరూ అనుమానించరు. చదువుకున్నవాళ్ళు వచ్చి దాన్నే ఎత్తి రాసుకుంటారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

మా ఆఫీసు అధికారిణి నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. కౌన్సిల్ మీటింగులకు తప్ప ఈ లోకంలో దేనికీ భయపడదు. చిరిగిన కాగితాలను బాగుచేసే ఆయన ఒకడుండేవాడు. కిటికీ పక్కన కూర్చుని పల్చటి జపాన్ కాగితం, జిగురు, సన్నని బ్రష్ పెట్టుకుని పనిచేసేవాడు. వారానికి పది వాక్యాలు మాట్లాడేవాడు. అందులో అయిదు వాతావరణం గురించి.

నేను రిటైరవడానికి ఇంకా మూడేళ్ళు ఉందనగా ఒక తోటపని సంఘం తన పాత పత్రాలను మాకు అప్పగించింది. ఆ సంఘం ఊరు న్యూకాసిల్ నుంచి బస్సులో ముప్పావుగంట ప్రయాణం. అది ఒకప్పటి బొగ్గుగనుల ఊరు. గనిలో దిగేవాళ్ళు పైకి వచ్చాక పెరటి మడుల్లో కూరలు, పూలు పెంచి, ఏడాదికొకసారి హాలులో బల్లల మీద పెట్టి పోటీ పడేవారు. గనులు మూసేసినా పోటీ మాత్రం మూయలేదు. సంఘం సెక్రటరీ డెబ్బై దాటిన ఆవిడ, ఒకప్పుడు బడి వంటశాలలో పనిచేసింది. పత్రాలను నాలుగు బిస్కెట్ డబ్బాల్లో, ఒక సూట్‌కేసులో తెచ్చి నా బల్ల మీద పెట్టి, "జాగ్రత్త, పెట్," అంది. ఈ ప్రాంతంలో ఎవరినైనా ముద్దుగా అలాగే పిలుస్తారు. మొదటిసారి అలా పిలిచినప్పుడు నేను బాధపడిన మాట నిజమే, కానీ అది వేరే సంగతి.

ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం ఒకే మనిషి చేతిరాత. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్ళో వైద్యం చేసిన డాక్టరు. వైద్యం ఆయన పని, మొక్కలు ఆయన పిచ్చి. ఆ చుట్టుపక్కల పెరిగే ఫెర్న్‌లకు, నాచులకు పట్టికలు రాశాడు. దూరదూరాల పండితులు ఆయనకు ఉత్తరాలు రాసేవారు. ఆ మనిషి ఇరవై ఏళ్ళపాటు ఈ గనివాళ్ళ సంఘాన్ని వెనకేసుకొచ్చాడు. ఆయనకు వెచ్చగా ఉండే గాజు ఇల్లొకటి ఉండేది. చలికాలమంతా అందులో సగం భాగం వాళ్ళ నారు కోసం వదిలేసేవాడు. గని యజమానితో మాట్లాడి పోటీకి మైదానం ఇప్పించాడు. తన పుస్తకాలు చదువుకోవడానికి ఇచ్చాడు, తిరిగి రానివాటి జాబితా కూడా రాసుకున్నాడు. సంఘం నియమాలన్నీ తన చేత్తో రాసిచ్చాడు.

కడపలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఫెర్న్ జీవితచక్రం బోర్డు మీద గీసి గీసి చేతులు నొప్పెట్టినవాణ్ణి నేను. ఇన్నేళ్ళకు ఒక పెట్టెలో నా జాతి మనిషి దొరికాడనిపించింది. ఆ లాటిన్ పేర్లు మా ఆఫీసులో నేనొక్కణ్ణే చదవగలిగేవాణ్ణి. మా అధికారిణి నన్నే అడిగేది. నా తల తిరగడానికి అంతకంటే ఎక్కువ అవసరం లేకపోయింది.

సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక ఏడాది పోటీ ఫలితాల కింద ఇలా ఉంది: పన్నెండు రకాల ఫెర్న్‌లు. తరువాత డాక్టరుగారి పేరు. పేరు పక్కన ఎన్.ఏ.ఎస్. అని మూడక్షరాలు.

డాక్టరుగారి పేరు వెనక అప్పటికే రెండు మూడు బిరుదులుండేవి, పండితుల సంఘాలు సభ్యులకు ఇచ్చే పొట్టి అక్షరాలు. ఇది కూడా అలాంటిదే అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆదుకున్న మనిషికి ఈ సంఘం తన తరఫున ఒక బిరుదు ఇచ్చి ఉంటుంది. ఎన్ అంటే నేచురలిస్ట్, ఏ అంటే అసోసియేట్, ఎస్ అంటే సొసైటీ. చక్కగా కుదిరింది. కేటలాగులో 'బహుశా సంఘం ఇచ్చిన గౌరవ బిరుదు' అని రాశాను. ఆ మాటతో లైను ఒక పదం ఎక్కువై కిందికి జారింది. 'బహుశా' తీసేశాను.

కాగితాలు బాగుచేసే ఆయన ఆ పేజీ అంచు అతికిస్తూ, "ఈ బిరుదు ఇంకెవరికైనా ఇచ్చారా?" అని అడిగాడు. వెతికాను. వేరే ఏడాదుల్లో ముగ్గురు గని కార్మికులకు కూడా ఉంది. ఒకాయనకు ఉల్లిగడ్డలకు, ఒకాయనకు గూస్‌బెర్రీలకు, ఒకాయనకు రెండుసార్లు. పండితుణ్ణీ పనివాణ్ణీ సమానంగా చూసిన గొప్ప సంఘం అని ఆ సాయంత్రం మా ఆవిడకు కూడా చెప్పాను.

అప్పుడే సంఘానికి కొత్త ఛైర్మన్ వచ్చాడు. ఈ దేశపు దక్షిణాదిన ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరై ఈ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాడు. పోటీలో ఎప్పుడూ ఏమీ పెట్టినవాడు కాదు, ఇంటి ముందు ఒక లావెండర్ కుండీ ఉంది. ఆ ఏడు పోటీ హాలులో సంఘం చరిత్ర గురించి ఒక పెద్ద బోర్డు పెడదామని మా ఆఫీసును అడిగాడు. నేను రాసిన బోర్డులో డాక్టరుగారి బిరుదు చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంత గొప్ప సంప్రదాయం ఎందుకు ఆగిపోయిందన్నాడు. తెలియదన్నాను. దాన్ని మళ్ళీ మొదలుపెడదాం, ఈ ఏడు మన పెద్ద సభ్యుడికి ఎన్.ఏ.ఎస్. ఇద్దాం అన్నాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు, ఆశ్చర్యపరచాలట.

ఆపగలిగిన మనిషి ఒక్కతే, సెక్రటరీ. ఆవిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఆరు వారాలుగా కూతురింట్లో ఉంది. ఒక్క ఫోన్ చేసి అడగాలని నాకు తోచలేదు. తెలియని విషయమైతే అడిగేవాణ్ణి. తెలుసనుకున్నాను.

ఆ పెద్ద సభ్యుడికి ఎనభై నాలుగేళ్ళు. గని మూసేదాకా గనిలోనే పనిచేశాడు. కింద యంత్రాల మోతకు రెండు చెవులూ దెబ్బతిన్నాయి. అరవై ఏళ్ళుగా లీక్స్ పెంచుతున్నాడు. మీరు టెస్కో దుకాణం సంచిలో చూసే లీక్ కాదు. మన ఉల్లికాడకు దూరపు చుట్టమే అయినా, పోటీకి పెంచేది పొట్టిగా, మనిషి పిక్క కంటే లావుగా ఉంటుంది. దానికి ఏడాది పడుతుంది. రెండింటిని జతగా, ఒకే కొలతలో తేవాలి. ఆ ఏడు మార్చిలో ఆయన భార్య పోయింది. ఈసారి నాటనన్నాడట. సెక్రటరీ, అప్పటికి మోకాలు నొప్పితోనే, రెండుసార్లు ఇంటికి వెళ్ళి కూర్చుని నాటించింది. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. ఆయన గురించి అప్పటికి నాకు తెలిసింది ఆయన వయసు మాత్రమే.

సెప్టెంబరులో శనివారం. పోటీ పద్ధతి ఏమిటంటే, పొద్దున అందరూ తమవి బల్లల మీద సర్దేసి బయటికి వచ్చేస్తారు. తలుపులు మూసి జడ్జీలు కొలుస్తారు, చూస్తారు, కార్డులు పెడతారు. రెండింటికి తలుపులు తెరుస్తారు. అంతదాకా ఎవరికేం వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ పత్రాలతో రెండేళ్ళు కాపురం చేసిన నేను ఒక్క పోటీకీ వెళ్ళలేదు. అదే మొదటిసారి. టై కట్టుకుని వెళ్ళాను.

ఛైర్మన్ తన కార్యక్రమాన్ని తలుపులు తెరవడానికి పావుగంట ముందు, హాలు మెట్ల మీద పెట్టాడు. యాభై అరవై మంది నిలబడ్డారు. ఆయన మాట్లాడాడు. నేను నాలుగు నిమిషాలు మాట్లాడాను. తరువాత ఆ పెద్దాయనను పిలిచి, దళసరి కాగితం మీద ఆకుపచ్చ అక్షరాలతో అచ్చువేసిన సర్టిఫికెట్ చేతిలో పెట్టాము. జనంలో ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు. అభిమానం కొద్దీ నవ్వారనుకున్నాను.

మా ఉపన్యాసాల్లో ఒక్క ముక్క కూడా ఆయన చెవిన పడలేదు. కాగితం మాత్రం చదివాడు. పైన తన పేరు. కింద పెద్దక్షరాల్లో ఎన్.ఏ.ఎస్. చాలాసేపు చదివాడు. తరువాత నా వైపు వంగి అడిగాడు.

"ఏం తప్పు చేశాను?"

వినయం అనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, చెవి దగ్గరగా గట్టిగా చెప్పాను. "మీరు దీనికి పూర్తిగా అర్హులు."

ఆయన తలూపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు.

తలుపులు తెరిచారు. లీక్స్ బల్ల మీద లెక్కలు ఇంకా తేలలేదు, ఆ ఒక్క బల్లకు కార్డులు పెట్టలేదు. ఆయన నేరుగా అక్కడికి వెళ్ళి, తన జతను తడిగుడ్డలో చుట్టుకుని, పక్క తలుపు గుండా బయటికి వెళ్ళాడట. నేను చూడలేదు. నేను బోర్డు దగ్గర నిలబడి ఒక దంపతులకు ఫెర్న్‌ల గురించి వివరిస్తున్నాను.

అప్పుడు సెక్రటరీ వచ్చింది, చేతికర్రతో, ఆపరేషన్ తరువాత మొదటిసారి బయటికి. బోర్డు ముందు ఆగి పై నుంచి కింది దాకా చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"పెట్, ఎన్.ఏ.ఎస్. అంటే ఏమిటో నీకు తెలుసా?" అంది.

నేచురలిస్ట్ అసోసియేట్ అని మొదలుపెట్టాను.

"నాట్ అకార్డింగ్ టు షెడ్యూల్," అంది ఆవిడ. "ఆరు పెట్టమంటే ఏడు పెడతారు చూడు, దానికి జడ్జి ఆ కార్డు పెడతాడు. నియమం ప్రకారం లేదు, పోటీలోంచి తీసేశాం అని."

పక్కన ఒక కుర్చీ ఉంటే కూర్చున్నాను. ఆ మెట్ల మీద ఉన్న యాభై అరవై మందిలో ఆ సంగతి తెలియనివాళ్ళం ఇద్దరమే, నేనూ ఛైర్మనూ. మిగతావాళ్ళు మా ఇద్దరిదీ ఏదో పెద్దవాళ్ళ హాస్యమనుకున్నారు. పెద్దాయన మాత్రం హాస్యమనుకోలేదు. లోపల జడ్జీలు తన లీక్స్‌ను తీసేశారనీ, ఈ రోజుల్లో ఆ కబురు ఇలా అందరి ముందూ, అచ్చువేసిన కాగితం మీద చెబుతున్నారనీ అనుకున్నాడు. చెప్పిన మనిషి పైగా మీరు దీనికి తగినవారే అన్నాడు.

అదే సమయానికి లీక్స్ జడ్జి ఎర్రకార్డు పట్టుకుని వచ్చాడు. ఎర్రది మొదటి బహుమతి. కార్డు పెట్టాల్సిన చోట తడి మరక ఒకటుంది. ఈ జత ఏదని అడిగాడు.

ఇక నియమం. సాయంత్రం అయిదు లోపల బల్ల మీది వస్తువును తీసుకెళ్ళినవాళ్ళకు బహుమతి ఉండదు. ఛైర్మన్ ఫరవాలేదు, కార్డు ఇచ్చేద్దామన్నాడు. జడ్జి వీల్లేదన్నాడు. అయితే రెండోవాడికి మొదటిది ఇమ్మన్నాడు ఛైర్మన్. ఆ రెండో ఆయన, యాభై ఏళ్ళ బస్సు డ్రైవరు, తనకు వద్దని తన కార్డు తిప్పి బోర్లా పెట్టాడు. సంఘం చరిత్రలో ఆ ఏడు లీక్స్‌కు మొదటి బహుమతి లేదు. ఛైర్మన్ పూల అలంకరణలు చూడటానికి వెళ్ళాడు.

నేను బస్టాపు దాకా పరిగెత్తాను. ఆయన ఎక్కిన బస్సు వెళ్ళిపోయింది. ఫోన్ చేశాను. ఆయన ఎత్తాడు, ఏమీ వినపడక పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. మా ఆవిడ పూర్తిగా విని, "ఆ ముసలామెకు ఒక ఫోన్ చేసింటే పొయ్యేదేముండె? అడగకుండా ఎట్ల రాసినావు?" అంది. మా అమ్మాయి తెలుగు అంతా అర్థం చేసుకుని ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. "డాడ్, డిడ్ నోబడీ జస్ట్ గూగుల్ ఇట్?" అంది. ఇద్దరి ప్రశ్నలకూ నా దగ్గర ఒకటే జవాబుంది, అది బయటికి చెప్పేలా లేదు. వేరేవాళ్ళకు తెలియనిది నాకు తెలుసన్న సంతోషంలో ఉన్నాను.

ఆదివారం సెక్రటరీ ఫోన్ చేసింది. పొద్దున పెద్దాయన ఇంటికి వెళ్ళి జరిగింది కాగితం మీద రాసి చూపించిందట. చదివాడట. కోపం లేదన్నాడట. ఇక చాలు, అన్నాడట. వచ్చే ఏటికి విత్తనం కోసం మడిలో ఉంచిన మొక్కలను పక్కింటాయనకు ఇచ్చేస్తానన్నాడట. ఆ మొక్కల వంశం అరవై ఏళ్ళుగా ఆయనది. "కోప్పడి ఉంటే ఏదో ఒకటి చెప్పి సర్దేదాన్ని, పెట్," అందావిడ.

సోమవారం మా అధికారిణి అడగకముందే వెళ్ళి చెప్పాను. ఈ ఒక్కటీ నేను ఆ వ్యవహారంలో సరిగ్గా చేసిన పని. కేటలాగులో కూడా ఉందా అంది. ఉందన్నాను. వెబ్‌సైట్‌లో? ఉందన్నాను. 'బహుశా' అని పెట్టారా? పెట్టి తీసేశానన్నాను. ఆమె కొద్దిసేపు కళ్ళు మూసుకుంది. తరువాత పద్ధతి చెప్పింది. కాగితం కేటలాగులో పాత వాక్యాన్ని చెరపకూడదు. దాని కిందే సవరణ రాసి, రాసినవాళ్ళు తమ పొడి అక్షరాలు పెట్టాలి. తప్పూ, దిద్దుబాటూ, పేరూ మూడూ అక్కడే ఉంటాయి. మరి ఆ పెద్దాయన సంగతి అన్నాను. "దానికి మన దగ్గర ఫారం లేదు. మీరే వెళ్ళండి," అంది.

నేను సవరణ రాస్తుంటే కాగితాలు బాగుచేసే ఆయన బ్రష్ కింద పెట్టాడు. "మూడో డబ్బాలో ఒక ఉత్తరం ఉంది. ఆ కార్డు గురించే. చిరుగులు అతికించింది నేనే," అన్నాడు.

తన చేతికి వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆయన చదువుతాడని అప్పటిదాకా నాకు తెలియదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలేదన్నాడు. ఆ వారం వాక్యాలు అక్కడితో సరి.

ఆ ఉత్తరం నేనూ చూసిందే. కేటలాగులో 'ఫెర్న్‌ల గురించి, చిన్న విషయం' అని రాశాను. ఇప్పుడు కూర్చుని చదివాను. డాక్టరుగారు ఆ ఏడు పోటీకి పన్నెండు కుండీల ఫెర్న్‌లు తెచ్చాడు. జడ్జి గనిలో పనిచేసేవాడు. ఆయన అన్నీ చూసి, వీటిలో రెండు కుండీలు ఒకే రకం, ఒకటి నీడలో పెరిగింది, ఒకటి ఎండలో పెరిగింది, ఆకు తేడాగా ఉంది అంతే, కాబట్టి రకాలు పదకొండే అని కార్డు పెట్టేశాడు. ఊరు గగ్గోలెత్తింది. గాజు ఇల్లు ఇచ్చిన మనిషి, మైదానం ఇప్పించిన మనిషి. కమిటీ హడలిపోయి, కార్డు తీసేస్తామనీ, జడ్జిని మానిపిస్తామనీ డాక్టరుగారికి రాసింది. ఇది దానికి ఆయన జవాబు. జడ్జి చెప్పింది నిజమనీ, తాను రెండు కుండీలనూ ఆరు వారాలు ఒకేచోట పెట్టి చూశాననీ, రెండూ ఒకటేననీ, తన పట్టికలోనే తప్పుందనీ రాశాడు. కార్డు ఉన్నచోటే ఉండాలి. జడ్జి మానేస్తే తానూ మానేస్తాడు. గాజు ఇంట్లో ఎప్పటిలాగే నవంబరు నుంచి నారు పెట్టుకోవచ్చు. అంతే ఉత్తరం. ఎక్కడా నొచ్చుకున్నట్టు లేదు. చివర మాత్రం, కుండీలను ఇంటికి చేర్చేటప్పుడు ఒకటి పగలగొట్టారని ఒక ముక్క ఉంది.

దాన్ని నకలు తీసుకుని మంగళవారం పెద్దాయన ఇంటికి వెళ్ళాను. నా దగ్గర ఇంకో మంచి కబురు కూడా ఉంది. సెక్రటరీ జడ్జిని బతిమాలింది. లీక్స్ అలాగే ఉంటే ఇంటికి వచ్చి మళ్ళీ కొలిచి, కార్డు కాకపోయినా, కొలత మాత్రం సంఘం పుస్తకంలో రాయిస్తానన్నాడు.

పెద్దాయన తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, పక్కకు తప్పుకున్నాడు. వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నె. వాసన తలుపు దగ్గరికే వచ్చింది. జడ్జి మాట చెప్పాలనుకున్నవాణ్ణి, గిన్నె వైపు చూసి ఊరుకున్నాను.

"రెండూనా?" అన్నాను చివరికి, వేళ్ళు చూపిస్తూ.

"జత కదా," అన్నాడు.

కూర్చోమన్నాడు. రెండు గిన్నెల్లో పోశాడు. లీక్, బార్లీ, మాంసం వేసి కాచిన చారు. నేను మాంసం తినను. ఆ రోజు తిన్నాను. తప్పు నాదేనని ఆయన చెవి దగ్గర మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు.

"మొదటిసారే విన్నాను," అన్నాడు.

ఉత్తరం నకలు ఇచ్చాను. భూతద్దం తెచ్చుకుని వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. నేను గిన్నె ఖాళీ చేశాను. ఆయన మళ్ళీ నింపాడు.

"జడ్జి కరెక్టే," అన్నాడు. "ఆ మొక్క పాత గని నోటి దగ్గర రెండు రకాలుగానూ పెరిగేది. చేతి దూరంలో."

డాక్టరుగారు ఎంత గొప్పవాడో చూడండి అని నేను ఒక చిన్న ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన వినలేదు, నిజంగానే. ఉత్తరాన్ని తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు.

"మళ్ళీ ఏడు పెట్టాడా?" అన్నాడు.

"ఏమిటి?"

"ఫెర్న్‌లు. ఆ మనిషి మరుసటి ఏడు పోటీకి వచ్చాడా?"

తెలియదన్నాను. రెండేళ్ళు ఆ పుస్తకాలు నా బల్ల మీదున్నాయి. ఆయన నా వైపు కొంచెం జాలిగా చూశాడు. "ఉత్తరం ఎవడైనా రాస్తాడు," అన్నాడు. గిన్నెలు కడిగి, నా కోటు తెచ్చి ఇచ్చాడు.

బుధవారం పొద్దున ఆఫీసు తెరవగానే మినిట్స్ పుస్తకం తీయించి మరుసటి ఏడు పేజీ చూశాను. పన్నెండు రకాల ఫెర్న్‌లు. రెండు పేర్లున్నాయి. రెండో పేరు డాక్టరుగారిది. మూడక్షరాలు పట్టుకుని బిరుదు అల్లిన మనిషిని కాబట్టి, ఈసారి పక్క పేజీతో, బహుమతుల జాబితాతో, మూడో డబ్బాలో ఉన్న కార్డుల కట్టతో సరిచూశాను. తరువాత సెక్రటరీకి ఫోన్ చేసి నేను చదివింది సరేనా అని అడిగాను. సరే పెట్, అంది.

పెద్దాయనకు ఫోన్ చేశాను. బయటికి చేసుకునే ఫోన్ రీడింగ్‌రూమ్ బల్ల మీద ఉంటుంది. ఆ రోజు గదిలో ఎనిమిది మంది తలలు వంచుకుని చదువుకుంటున్నారు. మెల్లగా మాట్లాడండి అని ఆ గదిలో జనానికి చెప్పడమే పందొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగంలో ఒక భాగం.

"సెకండ్," అని చెప్పాను.

ఏమిటీ అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఏమిటీ అన్నాడు. లేచి నిలబడి, బలమంతా పెట్టి అరిచాను. "మరుసటి ఏడు మళ్ళీ పెట్టాడు. సెకండ్ ప్రైజ్ వచ్చింది."

ఎనిమిది తలలూ లేచాయి. మా అధికారిణి గదిలోంచి బయటికి వచ్చి, నన్ను చూసి, తలుపు పట్టుకుని నిలబడింది.

అటువైపు ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిన చప్పుడయింది. పెట్టేశాడనుకున్నాను.

"సెకండ్ తక్కువేం కాదు," అన్నాడు పెద్దాయన. తరువాత, "పక్కింటాయనకు మొక్కలు ఇంకా ఇవ్వలేదులే. సెక్రటరీని అడిగి వచ్చే ఏటి ఫారం ఒకటి నాకు పంపించు," అన్నాడు.

పెన్సిల్ తీసుకున్నాను. ఏ క్లాసుకు అని అరిచి అడిగాను. లీక్స్, జత, అన్నాడు. రెండుసార్లు చదివి వినిపించి, ఆయన అవునన్నాక రాసుకున్నాను.